అతిథుల కోసం ఆపిన పత్తి

"ఆ మూట గడప లోపటికి తేకు. ఆడ్నే ఉండనియ్!"

వెంకట్రాజం కేక దుకాణం దాటి, వెనకున్న ఇల్లు దాటి, వంటింట్లో ఉన్న కోడలి చెవిన పడింది. మానుకోట బజారులో ఆయనది ముందర పత్తి, ఎరువుల దుకాణం, వెనక కాపురం. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి దుకాణం షట్టరు సగమే లేస్తోంది.

ఆ సగం షట్టరు కింద నుంచే వంగి వచ్చింది గంగి. సేటు మాట విననట్టే మూటను గడప మీద దించింది. తడి గోనెపట్టాలోంచి మురికినీళ్లు కారి బండల మీద పారాయి. ఆమె పెనిమిటి బాల్‌సింగ్ లోపలికి రాలేదు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని రోడ్డు మీదే నిలబడ్డాడు.

"నీకు అమ్మనీకి తేలే సేటూ," అంది గంగి. "నీ కోడలికి చూపియ్యనీకి తెచ్చిన. జర పిలువు."

పిలవనక్కరలేకపోయింది. సౌజన్య అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. మూటను చూసింది. గంగి మొహం వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

గంగి పట్టా విప్పింది. పత్తి నల్లబడి, ముద్దకట్టి ఉంది. ఒక కాయను తీసి సౌజన్య అరచేతిలో పెట్టింది. గింజల్లోంచి పచ్చటి మొలకలు పొడుచుకొచ్చాయి.

"ఆగమంటివి. ఆగినం," అంది. "అందరు ఏరుకుంటుంటె మేము ఆగినం. తండంత నవ్వింది. అయినా ఆగినం. ఎందుకు? అమ్మ చెప్పింది, ఏ దేశాలకెల్లో పెద్దపెద్దోళ్లొస్తున్నరు, చేను తెల్లగ ఉండాలె, చూసిపోయినంక ఏరుకుందురు అని."

సౌజన్య తల వంచుకుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆమె అర్థశాస్త్రం చెబుతుంది. ప్రపంచ దేశాల వ్యవసాయ అర్థశాస్త్రవేత్తల మహాసభ ఈసారి హైదరాబాదులో జరుగుతోంది. వచ్చినవాళ్లకు ఒకరోజు పల్లెలు చూపించాలి. కమిటీలో అందరూ కృష్ణా డెల్టా అన్నారు. కాలువలు, పచ్చటి వరి, మంచి రోడ్డు. ఏడాదిపాటు ఒంటరిగా కొట్లాడి ఆ బస్సును ఇటు తిప్పింది సౌజన్యే. వానను నమ్ముకున్న చేను ఎట్లా ఉంటుందో చూడనివ్వండి అంది. నెల్లికుదురు దగ్గరి తండాలో బాల్‌సింగ్ చేను ఎంచింది. పూసిన చేను చూస్తేనే వాళ్లకు అర్థమవుతుంది, నాలుగు రోజులు ఏరకుండా ఉంచండి అని చెప్పింది కూడా తనే.

మూడు రోజుల కింద ఆ బస్సు జనగామ దాటలేదు. రాస్తారోకోలో చిక్కి, ఎండంతా అక్కడే నిలిచి, చివరకు వెనక్కి మళ్లింది. ఆ సాయంత్రమే పట్టిన వాన ఈ పొద్దున తెరిపిచ్చింది.

"నేను ఆనాడే చెప్పిన," అన్నాడు వెంకట్రాజం, కోడలి వైపు చూడకుండా. "మబ్బు కమ్ముతున్నది, ఏరుకోండ్రి అని చెప్పిన. సదువుకున్నోళ్ల మాట పట్టుకొని కూసున్నరు."

"మామయ్యా..."

"నన్నెందుకు పిలుస్తవు? గీ పత్తి ఏ మిల్లోడు ముట్టడు. నేను కొని యేడ పోసుకోవాలె?"

లోపలి నుంచి సౌజన్య అత్త విజయలక్ష్మి చెంబుతో నీళ్లు తెచ్చింది. గంగి వద్దంది. విజయలక్ష్మి ఆ చెంబును చేతిలో పట్టుకొనే నిలబడింది.

"ఆ దినం నేనుగూడ మస్తు వండిన గంగీ," అంది. "సర్వపిండి, గారెలు, పులిహోర. ఒక్కడు రాకపాయె. అంత వాడకట్టుకు పంచిపెట్టిన."

"నువ్వు పంచనన్న పంచినవు," అంది గంగి.

విజయలక్ష్మి చెంబు గడప పక్కన దించి లోపలికి వెళ్లింది.

"పొద్దుగాల్నే తానం చేసి గట్టు మీద నిలబడ్డం," గంగి సౌజన్యతోనే మాట్లాడుతోంది. "సందుగ పెట్టెల దాచిన అద్దాల లంగా ఏసుకొమ్మన్నరు మీ ఆఫీసరు. మా అమ్మ కుట్టింది అది. ఏసుకున్న. నా పెండ్లిల గూడ అంతసేపు నిలబడలే. పొద్దు గూకింది. మీదికెల్లి వాన మొదలైంది. ఆ లంగాతోనె చేన్ల వడి చేతికందినంత తెంపిన. ఎంత తెంపుత? మా కొడుకు రాకేశ్ ఉంటే ఇంకో రెండు చేతులన్న ఉంటుండె. వాడు భూపాలపల్లిల బొగ్గుబాయి బందువెట్టి టెంట్ల కూసుండె."

"ఊకోయే," అన్నాడు బాల్‌సింగ్ రోడ్డు మీద నుంచి. "వాడొక్కడేనా? అందరు కూసున్నరు."

అప్పుడే మోటారుసైకిల్ వచ్చి బాల్‌సింగ్ పక్కన ఆగింది. దిగినవాడు శ్రీధర్. వెంకట్రాజం ఒక్కగానొక్క కొడుకు, సౌజన్య భర్త. వకీలు. కోర్టులు బహిష్కరించినప్పటి నుంచి నల్లకోటు చిలక్కొయ్యకే ఉంది. జనగామ శిబిరం నుంచి ఇప్పుడే వస్తున్నాడు. గడ్డం పెరిగింది, గొంతు పోయింది, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. బస్సు ఆగిన రోజు తర్వాత భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం ఇదే.

"ఏంది నాయినా, గీ లొల్లి?" అన్నాడు.

వెంకట్రాజం గడప వైపు చెయ్యి చూపాడు. శ్రీధర్ మూటను చూశాడు. భార్య చేతిలోని కాయను చూశాడు. సంగతి అర్థమయ్యేసరికి కళ్లలో మెరుపు తగ్గింది.

"లోపటికి రా, మాట్లాడుదాం," అన్నాడు సౌజన్యతో.

"ఈడ్నే మాట్లాడు. దాపరికమేముంది? ఆ బస్సుల నేనున్ననని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసే ఆపినవా?"

"తెలిసే ముందల నిలబడ్డ. నేను లేకుంటే అద్దాలు పలిగేటియి. నీకు, ఆ తెల్లోళ్లకు ఒక్క గీత పడకుండ పంపిన."

"పంపిన అంటున్నవు. ఇటు పంపలే గదా. వెనకకు పంపినవు. నేను కిటికీలకెల్లి చేతులు జోడించిన నీకు. చూసి మొఖం తిప్పుకున్నవు."

శ్రీధర్ గొంతు తగ్గించాడు. "నా పెండ్లాం ఉన్న బస్సునే ఇడిచిపెడితే రేపు ఎవడన్న నా మాట వింటడా? పాల బండ్లను ఆపినం. పెండ్లి బండ్లను ఆపినం. నీ సభ అంతకన్న పెద్దదా?"

"నా సభ కాదు. మన చేను. మన దిక్కు నీళ్లు లేవు, కాలువ లేదు, రైతు మొగులు దిక్కు చూసి బతుకుతున్నడు అని నువ్వు మైకుల రోజు చెప్తవు. మైకు ముందల ఎవరున్నరు? అందరు మనోళ్లే. తెల్వనోళ్లను తీసుకొచ్చి చూపిస్త అని నేను తోలుకొస్తుంటే, నువ్వు జనగామల అడ్డం నిలబడ్డవు."

"వాళ్లు చూసి రాసేదేముంది? యూనివర్సిటోళ్ల పేరు పెరుగుతది. గంతే. చూసేదుంటే మా సమ్మె చూడాలె."

"చూసిండ్రు. ఎండల కూసోని చూసిండ్రు. ఏమన్నరో చెప్పాల్నా? ఏదో ట్రాఫిక్ గొడవ అనుకున్నరు. నేను ఎంత చెప్పినా వాళ్లకు ఎక్కలే."

శ్రీధర్ మొహం మాడిపోయింది. వెంకట్రాజం దగ్గి, అటు తిరిగి త్రాసు తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి దాని మీద దుమ్ము కూడా లేదు.

ఇంతసేపూ ఆలుమగల మాటలు వింటున్న గంగి మెట్టు దిగి శ్రీధర్ ఎదురుగా నిలబడింది.

"సిన్నసేటూ, బస్సు ఆపింది నువ్వా?"

శ్రీధర్ తండ్రి వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్న. మేమింక పోలీసోళ్లు ఆపిండ్రనుకున్నం."

"ఊకోమంటే ఊకోవేందే," బాల్‌సింగ్ ముందుకొచ్చి పెండ్లాం చెయ్యి పట్టుకున్నాడు. "ఆళ్లు కావాలని జేసిండ్రా? మన కోసమే ఆపిండ్రు. తెలంగాణ వస్తే నీళ్లొస్తయి. ఒక పంట పాయె, ఏంజేస్తం."

"మన కోసం ఆపినోళ్లు మనను అడిగిండ్రా? ఈ అమ్మ గూడ మన కోసమే ఆగమన్నది. అందరు మన కోసమే జేస్తున్నరు. చేను మాత్రం మనదే పాయె."

ఆ మాటకు శ్రీధర్ అరుగు మీద కూలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ సంగతి సౌజన్యకు తెలుసు. తెలియడం వల్లే ఆమెకు కోపం ఇంకా ఎక్కువగా ఉంది.

"నడువుండ్రి," అన్నాడు లేచి. "శిబిరం కాడికి పోదాం. కన్వీనర్ లక్ష్మీకాంతన్నకు చెప్త. బస్సు ఆపింది నేను, దాని మూలంగ ఒక రైతు చేను పోయింది అని అందరి ముందల నేనే ఒప్పుకుంట. ఇంటికింత అని జమ చేసైనా మీ పంట నిలబెడ్తం. మాట ఇస్తున్న."

"నిజంగ చెప్తవా?" అంది సౌజన్య.

"నిన్ను తోలుకపోయి నీ ముందల్నే చెప్త."

దీక్షా శిబిరం బజారు చౌరస్తాలోనే ఉంది. తడిసిన షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ఉద్యోగులు, లెక్చరర్లు, ఆటోవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. డప్పులు మోగుతున్నాయి. గంగి, సౌజన్య వెనక ఆడవాళ్లలో కూర్చున్నారు. మూట గంగి ఒళ్లోనే ఉంది. బాల్‌సింగ్‌ను శ్రీధర్ తన వెంట ముందుకు తీసుకుపోయాడు.

లక్ష్మీకాంత్ రిటైరైన హెడ్‌మాస్టరు. తెల్లటి జుట్టు, పెద్ద గొంతు. శ్రీధర్ ఆయన చెవిలో చాలాసేపు ఏదో చెప్పాడు. ఆయన తల ఊపాడు, బాల్‌సింగ్ వైపు చూశాడు, మళ్లీ తల ఊపాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! ఇయ్యాళ మన నడుమ ఒక త్యాగధనుడున్నడు!"

సౌజన్య ఉలిక్కిపడి తల ఎత్తింది.

"నెల్లికుదురు తండా రైతు బాల్‌సింగ్! విదేశీ దొరలకు చూపియ్యనీకి సర్కారు ఈయన చేనును సింగారించింది. ఈయన ఏమన్నడు? దొరల బస్సు రాకున్న ఫికరు లేదు, నా పత్తి వానల మురిగిన ఫికరు లేదు, ఉద్యమం ఆగొద్దు అన్నడు! పూసిన పంటను తెలంగాణకు అర్పించిండు!"

చప్పట్లతో షామియానా దద్దరిల్లింది. ఎవరో బంతిపూల దండ తెచ్చి బాల్‌సింగ్ మెడలో వేశారు. ఇంకెవరో కండువా కప్పారు. అతను ఏమీ అర్థంకానివాడిలా అటూ ఇటూ చూసి, అలవాటుగా చేతులు జోడించాడు.

"ఏమంటున్నడు?" గంగి సౌజన్య మోచెయ్యి పట్టుకుంది. "ఎవరు ఎవరికిచ్చిండ్రు?"

సౌజన్య వేదిక మీదున్న భర్తనే చూస్తోంది. శ్రీధర్ మైకు పక్కనే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. అతని పెదవులు కదిలాయి. అతను కూడా జనంలో వెతికి ఆమెను చూశాడు. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు. అతను చూపు తిప్పుకొని, మెల్లగా, తనూ చప్పట్లు కొట్టాడు.

లక్ష్మీకాంత్ మైకును బాల్‌సింగ్ నోటి దగ్గర పెట్టాడు. "రెండు మాటలు చెప్పు తమ్మీ."

"అందరికి దండాలు," అన్నాడు బాల్‌సింగ్. తన గొంతు తనకే పెద్దగా వినిపించి బెదిరాడు. తేరుకొని అన్నాడు, "నేను... ఇయ్యలే సార్. పత్తి వానకు పోయింది. నేనైతే ఎవరికి ఇయ్యలే."

ఒక్కసారిగా డప్పులు ఆగాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లక్ష్మీకాంత్ నవ్వి అతని భుజం తట్టాడు. "చూసిండ్రా! ఇచ్చి గూడ ఇయ్యలే అంటున్నడు. గిదీ తెలంగాణ రైతు మనసంటే! జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" జనం అరిచారు. మళ్లీ అరిచారు. మూడోసారికి బాల్‌సింగ్ పిడికిలి కూడా దానంతట అదే లేచింది. తెలంగాణ రావాలని అతనికి నిజంగానే ఉంది.

గంగి మాత్రం చెయ్యి ఎత్తలేదు. మూట ఎత్తుకొని లేచి, జనంలోంచి దారి చేసుకుంటూ బయటికి నడిచింది.

శ్రీధర్ పరుగెత్తుకుంటూ వచ్చి సౌజన్యను రోడ్డు మీద కలుసుకున్నాడు.

"జర వినవే. నేను చెప్పింది వేరు, అన్న చెప్పింది వేరు."

"మైకు నీ పక్కన్నే ఉండె."

"అంత మందిల ఎట్ల అనాలె? సమ్మె మీద జనం విసిగిపోయి ఉన్నరు. ఇసోంటి టైముల మనది తప్పు అంటే మొత్తం పలుచనైతది. వాళ్లకు జమ చేసిచ్చేది చేస్తం. అది ఇడిచిపెట్ట."

"నేను గూడ తప్పే చేసిన," అంది సౌజన్య. "ఆగమన్నది నేనే. కాని నా తప్పును వాళ్ల త్యాగం అని పేరు పెట్టలే. నువ్వు పెడుతుంటే చప్పట్లు కొట్టినవు."

"యేడికి పోతున్నవు?"

"తండాకు."

"మళ్ల ఎప్పుడొస్తవు?"

ఆమె గంగి వెనకే నడిచింది. శిబిరంలో శ్రీధర్ పేరు పిలుస్తున్నారు. కాసేపు అక్కడే నిలబడి, చివరికి అటే నడిచాడు.

తండావాడైన జాల్యా నడిపే ఆటో చౌరస్తా చివర ఆగి ఉంది. బాల్‌సింగ్ దండతోనే వచ్చి ముందు సీట్లో జాల్యా పక్కన ఇరుక్కున్నాడు. వెనక గంగి, మూట, ఆ పక్కన సౌజన్య.

"నువ్వెందుకమ్మా?" అంది గంగి.

"చేను చూస్త."

"చూడు. నువ్వన్న చూడు."

ఆటో మానుకోట దాటింది. రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు నిలిచిన చేలు. ఏరగా మిగిలి, నల్లబడి వేలాడుతున్న కాయలు. బాల్‌సింగ్ మెడలోని దండ తీసి ఏం చెయ్యాలో తెలియక చేతికి చుట్టుకొని కూర్చున్నాడు.

సౌజన్య ఫోను మోగింది. యూనివర్సిటీలో ఆమె పైఅధికారి, సభల నిర్వాహకుడు ప్రొఫెసర్ పురుషోత్తం.

"శుభవార్తమ్మా! రేపు బయల్దేరుతున్నాం. పోలీసు బందోబస్తు ఇస్తామన్నారు. జనగామలో ఎవరూ ఆపలేరు. మధ్యాహ్నానికల్లా మీ దగ్గరుంటాం. చేను సిద్ధంగా ఉందిగా?"

"చేను పోయింది సార్. వానకు మొత్తం నల్లబడ్డది."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"మరెలాగమ్మా? కుళ్లిపోయిన చేను చూపిస్తే పరువేం కావాలి?"

"పోయిన చేనే చూపిద్దాం సార్. ఎందుకు పోయిందో వాళ్లకు చెప్దాం. బాల్‌సింగే చెప్తడు."

"అవన్నీ మీ పేపర్లో రాసుకోండి. టూరంటే టూరే. బయ్యారం వైపు వాన పడలేదట, ఇప్పుడే కనుక్కున్నాను. అక్కడ తెల్లగా ఉన్న చేను ఒకటి చూడండి. రైతు మాత్రం ఆ బాల్‌సింగే ఉండాలి. సావనీరులో ఆయన ఫొటో అచ్చయింది. వచ్చి ఆ చేలో నిలబడితే చాలు."

సౌజన్య ముందు సీట్లోని బాల్‌సింగ్ వైపు చూసింది. తర్వాత అంది, "ఆ మాట మీరే ఆయనకు చెప్పండి సార్. ఈడ్నే ఉన్నడు."

ఫోను ముందుకు చాపింది. బాల్‌సింగ్ రెండు చేతులతో అందుకున్నాడు. తిడతాడనుకుంది. కనీసం కాదంటాడనుకుంది.

"దండాలు సార్... ఆఁ... వస్తున్నరా? నిజంగ వస్తున్నరా సార్?... బయ్యారమా... ఆఁ... ఎవరిదైతేంది సార్. నిలబడ్త సార్."

ఫోను వెనక్కి ఇచ్చాడు. అతని మొహం వెలుగుతోంది.

"వస్తున్నరే గంగీ! నాకు చెప్పేటియి మస్తున్నయి వాళ్లకు. కాలువ సంగతి, బోర్లు ఎండిన సంగతి. ఎవరి చేన్ల నిలబడి చెప్తేంది?"

"అది నీ చేను కాదని చెప్తవా?"

బాల్‌సింగ్ చేతికి చుట్టిన దండను సవరించుకున్నాడు.

"గదొక్కటి చెప్పొద్దన్నడు సార్."

"ఆపు జాల్యా," అంది గంగి.

ఆటో ఆగింది. ఆమె దిగింది. మూటను ఆటోలోనే వదిలేసింది. పెనిమిటి వైపు చూడలేదు. తమ లంబాడీ భాషలో ఒక్క మాట అని, తండా వైపు రోడ్డు పట్టి నడవడం మొదలుపెట్టింది. జాల్యా తల దించుకున్నాడు. ఆమె ఏమన్నదో సౌజన్య అడగలేదు.

బాల్‌సింగ్ వెనక్కి తిరిగాడు. అతని కళ్లలో ఇందాకటి వెలుగు లేదు.

"అమ్మా, వాళ్లకు నా మాట ఇంగ్లీషుల చెప్పేది నువ్వే గదా?"

"నేనే."

"రేపు ఆ చేన్ల నిలబడి, ఇది నాదే అని నేను అబద్ధం చెప్తననుకో." అతను మాట మింగాడు. "అప్పుడు నువ్వు నేను చెప్పింది చెప్తవా, నిజం చెప్తవా?"